ముందటి అంకె

ఎలీసమ్మ సిస్టరు సూది తీసి
దూది అదిమిపెట్టి "మడువు" అనింది.
చెయ్యి మడిస్తి.
ఎడమకంటి రెప్ప మాత్రం నా మాట వినకుండా
దాని పాటికి అది కొట్టుకుంటానే ఉండాది.

వఫ్రాలో పదకొండేండ్లు.
ప్లాస్టిక్ పందిళ్ళ కింద దోస, టమేటా.
బయట ఇసుక కాలుతాంటే లోపల పచ్చగా చెమ్మ.
వీపున ఇరవై లీటర్ల డబ్బా,
మూతికి తువ్వాల.
మందు పేరు అరబ్బీలో ఉంటాది, నేను వాసనతో గుర్తుపడతా.
ఒకటి వెల్లుల్లి కుళ్ళినట్టు,
ఒకటి కొత్త చెప్పుల మాదిరి.
ఒకదానికి ఏ వాసనా ఉండదు, అదంటేనే భయం.

మూడు నెలలుగా, పొద్దు వాలితే
నోట్లో నీళ్ళు ఊరతాయి, ఆకలి కాదు.
దీపం తగ్గించినట్టు చూపు మసక.
చొక్కా గుండీ వేళ్ళకు చిక్కదు.
ముదీరు ఎండదెబ్బ అన్న్యాడు.
మా గదిలో నాగూరయ్య దిష్టి అన్న్యాడు.
నేను వయసు అనుకుంటి.

ఎలీసమ్మది రైల్వే కోడూరు.
నాకు ఎక్కేటట్టు చెప్పింది:
"నరం కండకు పలక మీద ఒక మాట రాస్తాది.
కండ చదువుకుంటాది, కదులుతాది.
వెంటనే పలక తుడిచే పిల్లోడొకడు ఉంటాడు.
నువ్వు కొట్టే మందు వాని చేతులు కట్టేస్తాది.
ఇంక రాత మీద రాత, రాత మీద రాత.
ఏం చదవాల్నో కండకు తెల్దు.
నరం కాడుండే పిల్లోళ్ళను మనం ఎంచలేం.
నెత్తురులో వాళ్ళ అన్నదమ్ములుంటారు,
వాళ్ళెంతమంది మిగిలినారో ఈ గొట్టం చెప్తాది."

బేస్తవారం కాగితం వచ్చింది.
ఐదువేల మూడునూర్లు.
పక్కన అచ్చులో, ఐదువేల నుంచి పన్నెండువేల దాకా మామూలు.
"బాగుండాదిలే" అన్న్యాడు డాక్టరు, తల ఎత్తకుండానే.
ఎలీసమ్మ కాగితం వదల్లేదు.
"నువ్వు ఆరువేల మనిషివా, పదివేల మనిషివా?
ఆరైతే భయం లేదు.
పదైతే, నీలో సగం పోయింది.
మందు ముట్టకముందటి అంకె యాడుంది?"

యాడుందని చెప్పేది.
వచ్చేముందు మద్రాసులో తీసినారు నెత్తురు,
పెద్ద గొట్టాలు మూడు.
నాకు క్షయ ఉందేమో,
నా నుంచి ఈ దేశానికి ఏమన్నా అంటుతాదేమో చూసినారు.
ఫిట్ అని ముద్ర కొట్టినారు.
ఈ దేశం నుంచి నాకేం అంటుతాదో
తెలుసుకునేదానికి ఒక్క చుక్కా దాచలేదు.

మా జేజి వడ్లు అప్పిచ్చేటప్పుడు
గోడ మీద బొగ్గుతో గీత పెట్టేది.
గీత లేని అప్పు అప్పే కాదు, అనేది.

"రెండు నెలలు మందు మాను, అంకె లేస్తాది.
ఎంతకు లేస్తాదో అంత మనిషివి నువ్వు."
రెండు నెలల జీతం ఏ గొట్టంలో దొరుకుతాదో
ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

నిన్నగాక మొన్న కొత్తోడు దిగినాడు. ఖాదర్ వలీ,
సుండుపల్లె. ఇరవైరెండేండ్లు.
పెట్టెలో రెండు కొత్త లుంగీలు, ఒక క్రికెట్ బంతి.
తెల్లారేసరికి ముదీరు డబ్బా చూపించినాడు.
"ఈ వారం వాని వంతు నేను మోస్తా" అంటి.
వాణ్ణి దోసకాయల లారీ ఎక్కించి,
జేబులో మూడు దీనార్లు పెట్టి,
ఎలీసమ్మ కాడికి తోలిస్తి.

ఈ పొద్దు కాగితం తెచ్చినాడు, ముఖం పాలిపోయి.
"అన్నా, తొమ్మిదివేల ఆరునూర్లంట.
ఎక్కువా? ఏమన్నా జబ్బా?"

"జబ్బు కాదురా. అది నువ్వు."

మంచం తలాపున, గోడ మీద
స్కెచ్ పెన్నుతో రాసుకోమంటి, తేదీ వేసి.
"నీ చేత్తో రాయన్నా" అని పెన్ను ఇచ్చినాడు.
తొమ్మిది రాద్దామని ఎత్తితి.
సున్న దగ్గరనే
చెయ్యి నిలవలేదు.